సాయిలన్న కారుకు వాల్వ్ టైమింగ్ డబ్బా

ఇప్పుడు మీరు చదవబోయేది ఒక మహాగాథ. ఇందులో అగ్ని ఉంది, రథం ఉంది, గురువు ఉన్నాడు, ఆ గురువే తన నియమం తప్పిన ఘట్టం ఉంది, చివర్లో కొండంత ఎత్తు ఎక్కి నెగ్గాల్సిన పరీక్ష ఉంది.

నిజానికి అంత లేదు. అగ్ని సిలిండర్ లోపల మండుతుంది, బయటికి కనబడదు. రథం ఒక సెడాన్ క్యాబ్. కొండంత ఎత్తు అన్నది ఫ్లైఓవర్. చెప్పదలచుకున్నది కూడా చిన్న విషయమే: బజారులో అమ్మే వాల్వ్ టైమింగ్ కంట్రోలర్‌ను కారుకు పెట్టించుకుంటే ఏమైనా లాభముందా? ట్యూనింగ్ పనిలోకి కొత్తగా వస్తున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. జీతం సంగతి అడగరు. అడిగితే ఈ పనిలోకి రారు కూడా.

నేను కొండాపూర్‌లో ఒక ట్యూనింగ్ గ్యారేజీలో పదేళ్ల పైన పనిచేసి, ముప్పై మూడో ఏట రిటైర్ అయ్యాను. ఈ మాటకు ఇంట్లోవాళ్లే నవ్వుతారు. మా అక్క అయితే "రిటైర్ గాలేదురా, మానేసినవ్" అని సరిచేస్తుంది. మానేయించింది చెవుల డాక్టరు. ఈ పనిలో ఇంజిన్ లోపలి నుంచి వచ్చే సన్నని టకటక శబ్దాన్ని హెడ్‌ఫోన్ పెట్టుకుని వినాలి. అది వచ్చిందంటే పెట్రోలు మండాల్సిన వేళకు కాక ఇంకో వేళకు మండుతోందని అర్థం. అలా విని విని నా చెవులు సన్నని శబ్దాలను పట్టించుకోవడం మానేశాయి. డాక్టరు నా వినికిడి గ్రాఫు చూపిస్తే, ఇంజిన్ గ్రాఫులు చూసిన అలవాటు కొద్దీ, "చివర్లో పవర్ బాగా పడిపోతోంది కదా సార్" అన్నాను. ఆయన నవ్వలేదు. ఇప్పుడు పుప్పాలగూడలో ఒక అపార్ట్‌మెంటు వాళ్ల లిఫ్టులు, నీళ్ల మోటార్లు చూసుకుంటున్నాను. మీరైతే మొదటి రోజు నుంచే చెవులకు రక్షణ పెట్టుకోండి. ఈ వ్యాసంలో ఉచిత సలహా ఇదొక్కటే. మిగతావి నేను మూల్యం చెల్లించి నేర్చుకున్నవి.

తలుపుల సంగతి

ఇంజిన్ కూడా మనలాగే ఊపిరి పీల్చి వదులుతుంది. గాలి లోపలికి రావడానికి ఒక తలుపు, పొగ బయటికి పోవడానికి ఇంకో తలుపు. వీటినే వాల్వులు అంటాం. ఏ తలుపు ఎప్పుడు తెరుచుకోవాలి, ఎప్పుడు మూసుకోవాలి అన్నదే వాల్వ్ టైమింగ్.

అర్థం కాకపోతే పొద్దున ఆఫీసు వేళకు హైటెక్ సిటీలో ఏదో ఒక టవర్ లిఫ్టు ముందు నిలబడండి. జనం తోసుకొస్తున్నప్పుడు తలుపు కాస్త ఆలస్యంగా మూసుకుంటే మంచిది. వెనకవాళ్ల తోపుడుకే ఇంకో ఇద్దరు లోపల పడతారు. అదే ఆలస్యం మధ్యాహ్నం పూట పెట్టారనుకోండి, కొత్తగా ఎక్కేవాడు ఉండడు, ఎక్కినవాడు ఫోన్ మర్చిపోయానని దిగిపోతాడు. ఇంజిన్ కూడా అంతే. వేగంగా తిరిగేటప్పుడు ఒక టైమింగ్ నచ్చుతుంది, మెల్లగా తిరిగేటప్పుడు ఇంకొకటి.

ఈ సంగతి కార్ల కంపెనీలకు మనకంటే ముందే తెలుసు. అందుకే ఇప్పటి ఇంజిన్లు చాలావాటిలో వాళ్లే ఒక ఏర్పాటు పెడతారు. తలుపులను తెరిచే ఇరుసును క్యామ్ అంటారు. ఇంజిన్ ఆయిల్ ఒత్తిడితో ఆ క్యామ్‌ను కొంచెం ముందుకో వెనక్కో జరుపుతారు. ఎప్పుడెంత జరపాలో కారులోని కంప్యూటర్ చెబుతుంది.

బజారులో అమ్మే కంట్రోలర్ ఆ కంప్యూటర్‌కూ ఇంజిన్‌కూ మధ్యలో కూర్చుంటుంది. కంప్యూటర్ ఒకటి చెబితే, దాన్ని తనకు తోచినట్టు మార్చి ఇంజిన్‌కు చేరవేస్తుంది. ప్రతి ఆఫీసులో ఇలాంటివాడు ఒకడుంటాడు కాబట్టి ఎక్కువ వివరించను.

విక్టర్ గారి నియమం

మా గ్యారేజీ యజమాని విక్టర్ గారు. గుంటూరు వైపు మనిషి. జీడిమెట్లలో ఒక మందుల ఫ్యాక్టరీలో మీటర్లు, సెన్సార్లు చూసే పని చేసి, ఆ వాసన భరించలేక పెట్రోలు వాసనకు మారారు. కార్లను కూడా "అండి" అని పిలవగల మర్యాదస్తుడు. "ఏమండీ, స్టార్ట్ అవుతారా లేదా" అని ఒక పాత హ్యాచ్‌బ్యాక్‌ను బతిమాలడం నేను చెవులారా విన్నాను. అప్పట్లో నా చెవులు బాగానే ఉండేవి.

ఆయన దగ్గర ఒకే ఒక్క నియమం ఉండేది. కారులో ఒకసారికి ఒక్కటే మార్చాలి. మార్చాక కారు బయటికెళ్లి ఒక చుట్టు తిరిగి రావాలి. ఆ తర్వాతే రెండోది ముట్టుకోవాలి. స్పార్క్ ప్లగ్గులు మార్చామా, ఎయిర్ ఫిల్టర్ జోలికి పోకుండా ముందు ఒక చుట్టు. కస్టమర్లకు పిచ్చెక్కిపోయేది.

"రెండు మందులు ఒకేసారి వేస్తే జ్వరం దేనికి తగ్గిందో ఎలా తెలుస్తుందండీ?" అనేవారు.

"తగ్గింది కదా సార్, చాలదా?" అని ఒకసారి అడిగాను.

"మళ్లీ వచ్చినప్పుడు రెండూ వేస్తావు. అందులో ఒకటి కడుపు పాడుచేసేదైతే?"

ఆయనలో లోపం కూడా చెప్పాలి. కస్టమర్‌కు "వద్దు" అని చెప్పలేరు. "చూద్దామండి" అంటారు. గుంటూరు మర్యాదలో దానికి "వద్దు" అని అర్థమట. తెలంగాణ కస్టమర్లు "సరే" అనుకుని డబ్బా అన్‌ప్యాక్ చేసేవాళ్లు. మీకు అలాంటి బాస్ దొరికితే "వద్దు" చెప్పే పని మీరు తీసుకోండి. ఇంక్రిమెంటు పెరగదు కానీ బెంచీ మీద చెత్త తగ్గుతుంది.

పనికొచ్చిన ఒకే ఒక్కడు

న్యాయంగా చెప్పుకోవాలంటే, ఆ కంట్రోలర్ పనికొచ్చినవాడూ ఒకడున్నాడు. మాదాపూర్‌లో పనిచేసే ఒక టెక్ లీడ్ తన పాత కారును రేసు ట్రాక్ మీద తిప్పడానికి ఇంజిన్ మొత్తం విప్పించాడు. క్యామ్‌లు మార్చాడు, సైలెన్సర్ పైపులు మార్చాడు. పెళ్లి సంబంధం తప్ప అన్నీ మార్చాడని వాళ్లమ్మగారు ఫోన్‌లో వాపోయారు. క్యామే మారాక కంపెనీ లెక్క పనికిరాదు, అది పాత క్యామ్ కోసం వేసిన లెక్క. అప్పుడు కంట్రోలర్ పెట్టి, దాంతోపాటు పెట్రోలు ఎంత పోయాలి, నిప్పు ఎప్పుడు పెట్టాలి అన్నవి కూడా చక్రాల కింద రోలర్లు పెట్టి కారును ఉన్నచోటే పరిగెత్తిస్తూ సరిచేశాం. పైవేగాల్లో ఇంజిన్ నిజంగానే బాగా గుంజింది. కింది వేగాల్లో మాత్రం దగ్గుతూ ఉండేది. కొత్తగూడ సిగ్నల్ దగ్గర ఆగిపోయి, వెనకవాళ్ల హారన్లు వింటూ కూడా అతను సంతోషంగా ఫోన్ చేసేవాడు. తనకేం కావాలో, అందుకు ఏం వదులుకోవాలో తెలిసిన మనిషి. అలాంటివాడు వస్తే పెట్టండి.

వచ్చేవాళ్లలో ఎక్కువమంది సాయిలన్న లాంటివాళ్లు.

సాయిలన్న వచ్చాడు

సాయిలన్నది మెదక్ వైపు. సొంత కారు, సీఎన్‌జీ సెడాన్. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఒక కంపెనీ ఉద్యోగులను ఇళ్ల నుంచి ఆఫీసుకు తిప్పే డ్యూటీలో పెట్టాడు. ఇంట్లో అందరి తిండీ ఆ కారు మీదే. కొన్నాళ్లుగా కారు దమ్ము పోయింది. నలుగురు ఎక్కి ఏసీ వేసుకుంటే ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు మూలుగుతుంది. ఏసీ ఆపితేగాని ఎక్కదు. ఏసీ ఆపితే వెనక సీటువాళ్లు యాప్‌లో ఫిర్యాదు పెడతారు.

ఫిర్యాదులు ఎక్కువై, ట్రాన్స్‌పోర్ట్ సూపర్‌వైజర్ సరిత మేడమ్ ఒక మాట చెప్పేసిందట. సోమవారం తనే ఇంకో ముగ్గురిని ఎక్కించుకుని, ఏసీ ఫుల్లు పెట్టించి, ఫ్లైఓవర్ ఎక్కిస్తుంది. ఎక్కితే డ్యూటీ ఉంటుంది. ఎక్కకపోతే ఆ రూట్ ఇంకో బండికి పోతుంది.

ఇది చెప్పి సాయిలన్న సంచిలోంచి ఒక డబ్బా తీసి బెంచీ మీద పెట్టాడు. వాల్వ్ టైమింగ్ కంట్రోలర్. అగ్గిపెట్టె కన్నా కొంచెం పెద్దది, పైన నీలం లైటు.

"వీడియోల చూసిన తమ్మీ. ఇది పెడితే బండి పులి లెక్క గుంజుతదట."

"పులికి సీఎన్‌జీ పడదన్నా," అన్నాను.

"జర మజాక్ బంద్ జెయ్యి. సోమవారం నా బతుకు తేలిపోతది."

విక్టర్ గారు డబ్బా అటూ ఇటూ తిప్పి చూసి, "చూద్దామండి" అన్నారు. సాయిలన్న మొహం వెలిగిపోయింది. అనువాదం చేసేలోపే ఆలస్యమైపోయింది.

కారు పైకెత్తి చూస్తే ఇంజిన్ ఆయిల్ నల్లటి బెల్లం పాకంలా ఉంది. క్యామ్‌కు ఆయిల్ పంపే చిన్న వాల్వు దగ్గర సన్నని జల్లెడ ఒకటుంటుంది. అది మూసుకుపోయింది. ఆయిల్ అందకపోతే క్యామ్ కదలదు, కంప్యూటర్ ఎంత మొత్తుకున్నా తలుపుల వేళ మారదు. విక్టర్ గారి నియమం ప్రకారం ముందు జల్లెడ కడిగి, కొత్త ఆయిల్ పోసి, కారును ఒక చుట్టు తిప్పాలి. కానీ అప్పటికి శనివారం సాయంత్రమైంది, మర్నాడు ఆయన చర్చికి వెళ్లాలి, సాయిలన్న గేటు దగ్గర అటూ ఇటూ తిరుగుతూ మా ఇద్దరి ప్రాణాలూ తోడేస్తున్నాడు.

"అన్నీ ఒకేసారి కానిచ్చేయ్ మహేందరూ," అన్నారు విక్టర్ గారు, నా మొహం చూడకుండా.

జల్లెడ కడిగాను, ఆయిల్ మార్చాను, డబ్బా పెట్టాను. సాయిలన్న ఒక చుట్టు వెళ్లొచ్చి దిగాడు. పెళ్లికొడుకు గుర్రం దిగినట్టు దిగాడు.

"చెప్పిన గద. పులి."

నేనూ నడిపి చూశాను. బాగా గుంజుతోంది. నాకూ ఆ డబ్బా మీద గౌరవం పుట్టింది. గౌరవం పుట్టడానికి ఆ నీలం లైటు కూడా కొంత సాయం చేసింది.

దీపం వెలిగింది

ఆదివారం పొద్దున సాయిలన్న ఫోన్. మీటర్ మధ్యలో ఇంజిన్ బొమ్మతో పసుపు దీపం వెలిగిందట. నేను వెళ్లి స్కానర్ పెట్టి చూశాను. కంప్యూటర్ ఫిర్యాదు స్పష్టంగా ఉంది: నేనొక కోణం చెప్పాను, క్యామ్ ఇంకో కోణంలో ఉంది. మధ్యలో డబ్బా తన సొంత తెలివి చూపిస్తోందన్నమాట.

"డబ్బా తీసేద్దామన్నా. దీపం పోతది."

"దీపంతోని గుంజుడు గూడ పోతే?"

"దీపం చూస్తే సరిత మేడమ్ బండి ఎక్కనే ఎక్కదు."

"గుంజకపోతే ఎక్కి దిగి, నన్ను గూడ దింపుతది."

ఆయన వాదనలో తప్పు లేదు. డబ్బా ఉంచితే దీపం వల్ల డ్యూటీ పోవచ్చు, తీస్తే దమ్ము పోయి డ్యూటీ పోవచ్చు. కారు బాగుపడింది దేని వల్లో మా ముగ్గురిలో ఎవరికీ తెలియదు. రెండు మందులు ఒకేసారి వేశాం కదా. అప్పటికి నాకు భయం కన్నా కుతూహలం ఎక్కువైంది. డ్యూటీ నాది కాదు కాబట్టి అది సులభం.

విక్టర్ గారు చర్చి నుంచి తెల్ల చొక్కాతోనే వచ్చారు. విషయం విని, కాసేపు గడ్డం గోక్కుని, "అయితే మనిషికి తెలియకుండా పరీక్ష పెడదామండి" అన్నారు. మందుల ఫ్యాక్టరీలో అసలు మాత్రా, ఉత్త పిండి మాత్రా ఒకేలా చేసి ఇస్తారట. ఏది ఎవరికి వెళ్లిందో మింగేవాడికీ తెలియదు, ఇచ్చేవాడికీ తెలియదు.

అలా ఏర్పాటు చేశాం. డబ్బాకు వెళ్లే కరెంటు వైరు ఎప్పుడూ ఉంటుంది, నీలం లైటు ఎప్పుడూ వెలుగుతుంది. మీటర్‌లోని పసుపు దీపాన్ని ప్రతి చుట్టుకూ ముందు స్కానర్‌తో ఆర్పి, దాని మీద కాగితం అంటించి, మళ్లీ వెలిగిందో లేదో చుట్టు అయ్యాక నేనొక్కణ్నే చూసుకుంటాను. ఇంజిన్‌కు వెళ్లే వైరును మాత్రం నేను ప్రతి చుట్టుకూ ముందు బానెట్ ఎత్తి, ఒకసారి డబ్బాకు కలుపుతాను, ఒకసారి డబ్బాను తప్పించి నేరుగా కలుపుతాను. ఏది ఎప్పుడో నాకు తప్ప ఎవరికీ తెలియదు. సాయిలన్న నడుపుతాడు. విక్టర్ గారు పక్కన కూర్చుని ఫోన్‌లో గడియారం నొక్కుతారు. ప్రయాణికుల బదులు పక్క సైటు నుంచి ఇసుక బస్తాలు తెచ్చి వెనక సీట్లో కూర్చోబెట్టాం. సీట్‌బెల్ట్ పెట్టకపోతే బీప్ బీప్ అంటోందని బస్తాలకు బెల్టులు పెట్టాను. ఎదురింటి వాచ్‌మన్ చూసి, "ఏంది, ఇసుకను గూడ ఆఫీసుకు దింపుతున్నరా?" అన్నాడు.

"వర్క్ ఫ్రమ్ హోమ్ బందయింది కాకా," అన్నాను.

మొదటి చుట్టు అయ్యాక సాయిలన్న తల అడ్డంగా ఊపాడు. "ఇది డబ్బా లేకుండ నడిచింది. చప్పగున్నది."

ఆ చుట్టులో డబ్బా కలిపే ఉంది. నేను మళ్లీ బానెట్ ఎత్తాను.

రెండో చుట్టు నుంచి దిగుతూనే బానెట్ మీద చెయ్యేశాడు. "ఇగో, గిది. గిది డబ్బా దెబ్బ. ఫ్లైఓవర్ మీద నేను తొక్కనే లేదు, అదే పోయింది."

అప్పుడు డబ్బా తప్పించి ఉంది.

ఇంకొన్ని చుట్లు తిరిగాం. ఒకసారి కరెక్ట్‌గా చెప్పాడు, ఒకసారి తప్పు. నాణెం ఎగరేసినా అంతే వచ్చేది, పైగా నాణేనికి చుట్టు చుట్టుకూ టీ తాగే అలవాటు ఉండదు. విక్టర్ గారి గడియారంలో ఎక్కడానికి పట్టిన సమయం డబ్బా ఉన్నా లేకపోయినా దాదాపు ఒకటే. డబ్బా తప్పించిన చుట్లలో పసుపు దీపం మాత్రం వెలగలేదు.

నేను బానెట్ కింద వైర్లు చూపించి అసలు సంగతి చెప్పాను. సాయిలన్న వైర్లను వేలితో జరిపి చూశాడు.

"అంటే నేను పాగల్‌గాన్ని."

"నిన్న నేను గూడ పులి అనుకున్నన్నా."

"నేనూ అనుకున్నానండీ," అన్నారు విక్టర్ గారు. "పైగా నేను నియమం కూడా తప్పాను."

"మరి బండి ఎట్ల బాగైంది?"

"జల్లెడ కడిగినందుకు. ఆయిల్ మార్చినందుకు. కంపెనీవాళ్లు పెట్టిన టైమింగ్ ఏర్పాటు నీ బండిలో మొదటి నుంచీ ఉందన్నా. దాన్ని నువ్వు పని చేయనియ్యలేదు, అంతే," అన్నాను.

ఆయన ఇసుక బస్తా బెల్టు తీస్తూ, "తీసెయ్యి తమ్మీ. ఏమైతే అదైతది" అన్నాడు. ఆ మాట అనడానికి ఆయనకు ఎంత కష్టమైందో నాకు కనబడింది. గడియారం మాట నమ్మి ఇంటిల్లిపాది తిండిని పందెం పెట్టడం చిన్న సంగతి కాదు. మాకు అది కుతూహలం, ఆయనకు అది సోమవారం.

సోమవారం

మధ్యాహ్నం వరకు ఫోన్ రాలేదు. నేను ఒక కారు ఎయిర్ ఫిల్టర్‌ను అవసరమైన దానికన్నా ఎక్కువసార్లు దులిపాను. విక్టర్ గారు తుడిచిన బెంచీనే తుడుస్తున్నారు. చివరికి సాయిలన్న కారే వచ్చి గేటు ముందు ఆగింది.

"ఏమైందన్నా?"

"ఎక్కింది. ఏసీ ఫుల్లు పెట్టి, నలుగురితోని."

"మేడమ్ ఏమన్నది?"

"దారంత ఫోన్ మాట్లాడుతనే ఉన్నది. ఫ్లైఓవర్ మీదికి పోయినంక, 'సాయిలూ, ఏసీ జర తగ్గించు, సలిపెడుతుంది' అన్నది. దిగినంక రేపు పొద్దుగాల రమ్మన్నది. అంతే."

అంత పరీక్ష పెట్టిన మనిషి, కారు ఫ్లైఓవర్ ఎక్కిందో లేదో గమనించిందని కూడా నేను గట్టిగా చెప్పలేను. కానీ డ్యూటీ నిలబడింది. విక్టర్ గారు కుర్చీలో కూర్చుని, "దేవుడికి స్తోత్రం" అన్నారు. ఆయిల్‌కు కూడా కొంచెం వాటా ఇవ్వమన్నాను.

ఇక్కడ పని నేర్చుకునేవాళ్లకు నా తీర్పు చెప్తాను. ఇంజిన్ కంపెనీ నుంచి వచ్చినట్టే ఉంటే, లోపల క్యామ్‌లు మార్చకపోతే, రోలర్ల మీద పెట్టి పెట్రోలు, నిప్పు కూడా సరిచేసే ఓపిక లేకపోతే, ఈ కంట్రోలర్ పెట్టకండి. కంపెనీలో ఆ లెక్క వేసిన ఇంజనీర్లు మీకన్నా తెలివైనవాళ్లు కాకపోవచ్చు కానీ, వాళ్లకు మీకన్నా ఎక్కువ ఇంజిన్లు పాడుచేసే అవకాశం దొరికింది. పైగా వారంటీ పోతుంది, దీపం వెలుగుతుంది. కారు దమ్ము పోయిందని ఎవరైనా వస్తే కొత్తది తగిలించే ముందు ఉన్నది ఎందుకు పని చేయడం లేదో చూడండి. మీకు మీరు పెట్టుకునే పరీక్షలో నీలం లైటు మీద కాగితం అంటించండి.

సాయిలన్న వెళ్లబోతూ ఆగాడు. డబ్బా ఇంకా ఆయన చేతిలోనే ఉంది. దాన్ని పారేయడానికి మనసు రావడం లేదు.

"తమ్మీ, ఫ్లైఓవర్‌కు పనికిరాదు, సరే. అవుటర్ రింగ్ రోడ్డు మీద ఖాళీగ ఉన్నప్పుడు? మస్తు స్పీడ్ల పోయినప్పుడన్న పనిజేస్తదా?"

ఇది మంచి ప్రశ్నే. పైవేగాల్లో ఏమో, కొద్దిగా తేడా ఉండొచ్చు. అవుటర్ మీద కూడా మనిషికి తెలియకుండా ఇంకో పరీక్ష ఎలా పెట్టాలా అని నేనూ విక్టర్ గారూ అప్పుడే మాట్లాడుకోవడం మొదలుపెట్టాం. ఏ వేళకు ఖాళీగా ఉంటుంది, ఎన్ని బస్తాలు కావాలి, గాలి ఎటు వీస్తుంది అన్నదాకా వచ్చాం. సాయిలన్న కారును వెనక్కి తిప్పాడు. అప్పుడు దాని డిక్కీ మా వైపు తిరిగింది. దాని మీద ఎర్ర స్టిక్కర్, అందులో తెల్ల అంకెలు: 80.

పసుపు నంబరు ప్లేటు క్యాబ్‌కు, వేగం హద్దు దాటనివ్వని స్పీడ్ గవర్నర్‌ను కార్ల కంపెనీవాళ్లే పెట్టి ఇస్తారు. బండి ఎనభై దాటదు.